ఇరవై ఐదో అక్షరం



ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలో ఉద్యోగంలో చేరి ఏదో ఒక వెబ్ ఏపీఐకి కనెక్ట్ అవబోతారు. అది మిమ్మల్ని లోపలికి రానివ్వదు. దాని గురించే నా నాలుగు మాటలు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఓ రాత్రి నాకు 401 వచ్చింది. యూజర్‌నేమ్ సరైనదే, పాస్‌వర్డూ సరైనదే. రెంటినీ కోలన్‌తో కలిపి బేస్64లోకి మార్చి హెడర్‌లో పెట్టి పంపాలి, పంపాను. మళ్ళీ 401. పాస్‌వర్డ్ మూడుసార్లు మార్పించాను. అవతలి టీముకు కాస్త ఘాటుగానే మెయిల్ కొట్టాను. పొద్దున వచ్చిన సీనియర్ ఒకావిడ స్క్రీన్ వంక చూసి, "ఎన్ని అక్షరాలు పంపుతున్నావ్?" అని అడిగారు. బేస్64లోకి మార్చకముందే లెక్కపెడితే 24 ఉండాల్సినవి 25 ఉన్నాయి. టెర్మినల్‌లో నేను వాడిన ఎకో కమాండ్ అడక్కుండానే చివర కొత్త లైను గుర్తొకటి చేరుస్తుంది. కంటికి కనబడదు. బేస్64 దాన్నీ బుద్ధిగా మూటగట్టింది. ఎకో పక్కన మైనస్ ఎన్ అని రాయగానే పని జరిగిపోయింది. ఆ మెయిల్‌కి క్షమాపణ రాయడానికి మాత్రం గంట పట్టింది.

401కి పెట్టిన పేరే సరిగ్గా లేదు. అన్‌ఆథరైజ్డ్ అంటారు గానీ, అసలు అర్థం "నువ్వెవరో నాకు తేలలేదు" అని. 403 వేరు: "నువ్వెవరో తెలుసు, అయినా రానివ్వను." ఈ హాలు గేటు దగ్గర గార్డు ఐడీ కార్డు అడగడం మొదటిది, కార్డు చూశాక కూడా స్టేజీ ఎక్కనివ్వకపోవడం రెండోది. 403 వచ్చాక అవే అనుమతులతో ఎన్ని టోకెన్లు తెచ్చుకున్నా దండగే.

గడియారం కూడా చూసుకోండి. జేడబ్ల్యూటీ టోకెన్‌లో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో, యూటీసీ ప్రకారం లెక్కిస్తారు. ఫలానా క్షణానికి ముందు చెల్లదని చెప్పే ఎన్‌బీఎఫ్ గడిలో మనవాడెవరో హైదరాబాద్ టైమునే యూటీసీ అనుకుని నింపాడనుకోండి, లెక్క 19,800 సెకన్లు ముందుకు పోతుంది. ఇంకా పుట్టని టోకెన్‌ని ఏ సర్వరు ఒప్పుకుంటుంది? ఐదున్నర గంటల తేడా కనబడితే నేను ముందు మనవాళ్ళనే అనుమానిస్తాను.

ఇక పట్టా సంగతి. ఇంటికెళ్ళేముందు మీ పేరు అక్షరం అక్షరం చూసుకోండి. నా పట్టా మీద ఇంటిపేరులో ఒక అక్షరం ఎక్కువ పడింది. దిద్దించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.