నల్లరేగడి భూములకు సోడియము వలన కలుగు హానియు, నివారణోపాయములును
(ముత్తంగి ప్రాంతపు పట్టాదారులకొఱకు ఉపన్యాసము)



నల్లరేగడి వేసవియందు బీటలువారుటయు, వర్షము పడగానే ఉబ్బి ఆ బీటలు మూసికొనుటయు ప్రతి కృషీవలుడును ఎఱిగినదే. అందలి బంకమన్ను కంటికి కానరాని పలుచని రేకులుగా నుండును. శాస్త్రజ్ఞులు దానిని స్మెక్టైటు అందురు. రేకుల నడుమ నీరు చేరగా మన్ను ఉబ్బును; ఆరగా కుంచించుకొనును.

ఈ రేకులను దగ్గరగా పట్టియుంచునది ముఖ్యముగా సున్నమునందుండు కాల్షియము. అది గల మన్ను చిన్న గడ్డలుగా నిలిచి, గాలికిని నీటికిని వేళ్లకును దారి యిచ్చును. సోడియము పట్టు బలహీనము. అది తనచుట్టు నీటిని చేర్చుకొని రేకులను ఎడబాపును. విడిన రేకులు సందులను పూడ్చును. అప్పుడు నీరు పైననే నిలుచును. వేళ్లకు తడి యందదు. ఆరిన పిదప నేల రాయివలె గట్టిపడి మొలకను పైకి రానీయదు. మన్ను పట్టియుంచు ఇట్టి అంశములలో సోడియము నూటికి 15 పాళ్లు మించిన చవుడు భూమి యని లెక్క. రేగడియందు అంతకు తక్కువ పాళ్లకే హాని కానవచ్చును.

ముత్తంగి ప్రాంతమున ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. 1970 తరువాత పటాన్‌చెరువు చుట్టు కర్మాగారములు వెలసినవి. వాని వ్యర్థజలములు నక్కవాగున కలిసి మంజీర వైపునకు సాగినవి. వాగు దరినున్న బావులు చెడినవి. 1990లో ఈ వ్యాజ్యము సుప్రీంకోర్టు వఱకు పోయెను. కావున వాగునకు చేరువనున్న పట్టాదారుడు నీటిని పరీక్ష చేయింపక పొలమునకు పెట్టరాదు.

ఇందొక మోసము కలదు. ఉప్పునీరు పాఱినంతకాలము రేకులు విడిపోక, నేల బాగున్నట్లే తోచును. వాననీటికి ఉప్పు కడిగిపోగానే మిగిలిన సోడియము తన పని చేయును. తప్పు వానది కాదు. అంతకుముందు పాఱించిన నీటిది.

ఇంటివద్ద పరీక్ష సులభము. గాజుపాత్రలో వాననీరు పోసి, ఎండిన చిన్న మట్టిపెల్లను మెల్లగా విడిచి, కదల్పక సాయంకాలము వఱకు ఉంచవలెను. పెల్ల విచ్చినను నీరు తేటగా నున్న భయము లేదు. పాలవలె మబ్బు క్రమ్మిన సోడియమని శంకించి, మన్నును నీటిని పరీక్షాలయమునకు పంపవలెను.

దోషము నిశ్చయమైనచో చేయవలసిన పనులు క్రమముగా ఇవి:

1. చెడునీరు పెట్టుట మానవలెను.
2. మురుగుకాలువ త్రవ్వవలెను. పటాన్‌చెరువున 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటు పరిశోధనాలయము రేగడికి ఎత్తుమడులును, నడుమ కాలువలును ఉపయోగకరములని చూపినది.
3. పరీక్షాలయము చెప్పిన మోతాదున జిప్సము పొడిని పైమన్నులో కలిపి, మంచినీరు నిలువకట్టి, పిదప వెడలింపవలెను. జిప్సములోని కాల్షియము సోడియమును తొలగించి ఆ చోట నిలుచును.
4. జీలుగ చల్లి, పూతకు ముందు కలియదున్నవలెను. పశువుల యెరువు వేయవలెను.

కాలువ లేని పొలమున జిప్సము వేయుట ధనము వ్యర్థపఱచుటయే. విడిన సోడియము పోవుటకు దారి యుండదు. మఱియు జిప్సము ఆర్సెనికు వంటి విషములను తొలగింపజాలదు. అట్టి శంక యున్నచోట వానికి వేఱుగా పరీక్ష చేయించిన పిదపనే తిండిపంట వేయవలెను.

చవుడు ఒక్కయేట పట్టదు, ఒక్కయేట వదలదు. మొదటి మచ్చ కనబడినప్పుడే పూనుకొన్నవాని భూమి బిడ్డలకు దక్కును.