పాత ఫైబరు పడవలకు కొత్త జీవము
(తీర గ్రామముల పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామములలో, సముద్రపుటొడ్డున, బోర్లించి విడిచిన ఫైబరు పడవలను మీరు నిత్యము చూచుచునే యున్నారు. ఒకప్పుడు మన తీరమున కొయ్య తెప్పలును, పలకల నావలును ఉండెడివి. తరువాత ఫైబరు పడవలు వచ్చినవి. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట సహాయముగా పంచిన పడవలలోను ఇవి అనేకము. కొయ్య చివికి మట్టిలో కలియును, ఫైబరు చివకదు. తగులబెట్టినచో విషపు పొగ వెడలును. కావున ఈ పడవలను బాగుచేసి అమ్ముట జీవనోపాధియే గాక, ఊరి పరిశుభ్రతకు సంబంధించిన కార్యము కూడ.

ఈ వ్యాపారమున లాభము అమ్మిన నాడు గాక, కొన్న నాడే నిర్ణయమగును. ఉదాహరణకు ఒక లెక్క చూతము. పాత పడవ 30,000 రూపాయలు, సరకులు 25,000, కూలి 20,000, రవాణా 5,000; మొత్తము 80,000 అయినదనుకొందము. లక్ష రూపాయలకు అమ్మినచో 20,000 మిగులును. కాని ఇంజను బిగించు వెనుక పలకలోని కొయ్య కుళ్లినదని కొన్న తరువాత తెలిసి, మరి 25,000 వ్యయమైనచో 5,000 నష్టమే.

అందువలన కొనుటకు ముందే పరీక్షింపవలెను. చిన్న సుత్తితో పడవ అంతటను తట్టి చూడుడు. గట్టి చోట స్పష్టమైన ధ్వని వచ్చును. పొరలు విడిన చోట బోలు ధ్వని వచ్చును. ఇసుకపై ఈడ్చుటచే అడుగుభాగము అరిగి, దారములు బయటపడి యుండవచ్చును. పడవ మునుగకుండ కాపాడుటకు లోపల నింపిన ఫోము నీరు పీల్చినచో బరువు పెరిగి, తేలు శక్తి తగ్గును. కొంత భాగము కోసి చూచిన గాని ఈ లోపము తెలియదు.

ఇక పని విధానము. మొదట మంచినీటితో ఉప్పును కడిగి, వారముల తరబడి నీడన ఆరబెట్టవలెను. పాలిథీను ముక్కను అంటించి రాత్రియంతయు ఉంచుడు. ఉదయమున దాని లోపలివైపు చెమ్మ పట్టినచో పడవ ఇంకను ఆరలేదని గ్రహింపవలెను. చెడిన భాగమును తీసివేసి, చుట్టును మందమునకు 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీయవలెను. 6 మిల్లీమీటర్ల మందమునకు 72 మిల్లీమీటర్లన్న మాట. పాత రెజినుపై కొత్త రెజిను గరుకుదనమును బట్టియే పట్టును. నునుపైన చోట వేసిన అతుకు అలల దెబ్బకు ఊడిపోవును. గాజు మ్యాటును, నేసిన గుడ్డను పొర వెంట పొరగా, గాలి బుడగలు లేకుండ రోలరుతో అదమవలెను. హార్డెనరు ఎక్కువైనచో రెజిను మితిమీరి వేడెక్కి పగులును. థర్మోకోలుపై నేరుగా రెజిను పోయరాదు, అది కరిగిపోవును.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము గదా. ఆ కాలమే ఈ పనికి అనువైనది. అయితే ఆరుటకు సమయము పట్టును గనుక పడవను ముందుగానే కొనవలెను. ఎండలో రెజిను త్వరగా గట్టిపడును. ఉదయమున, పందిరి క్రింద పని చేయుట మేలు.

మేము విశేషించి చెప్పదలచినది మరియొకటి. పగులుపై రంగు పూసి అమ్మువారును లేకపోలేదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇచ్చట ప్రాణముల మీదికి తెచ్చును. తీరమునకు దూరముగా అతుకు ఊడినచో ఆ పడవలోని వారికి దిక్కెవరు? కొనువాడు పొరుగూరి మత్స్యకారుడే. వాని వెనుక ఒక కుటుంబమున్నది. కావున ఎచ్చట ఏమి బాగుచేసినదియు వ్రాసి, సంతకము చేసి కొనువానికి ఈయవలెను. అమ్ముటకు ముందు బరువు వేసి, నీటిలో తేల్చి చూపవలెను. రిజిస్ట్రేషను పత్రములు లేని పడవను కొనరాదు. అమ్మిన వెంటనే మత్స్యశాఖ కార్యాలయమున పేరు మార్పించవలెను.

పంచాయతీలు చేయదగిన కార్యములును గలవు. ఇండ్లకును, బడికిని దూరముగా గాలి వాటము చూచి పందిరికి స్థలము చూపుడు. గాజు పొడి ఊపిరితిత్తులకు హాని చేయును. పనివారు మాస్కు, కంటి అద్దములు, చేతి తొడుగులు ధరించునట్లు చూడుడు. రెజిను త్వరగా అంటుకొను పదార్థము. అచ్చట బీడీ, పొయ్యి నిషేధింపుడు. అరగదీసిన పొడిని సముద్రమున పారవేయనీయకుడు.

మీ ఊరి ఒడ్డున విడిచిన పడవలెన్నియో ఈ నెలలోనే లెక్కింపుడు. వానిలో బాగుపడునవి ఏవో, పనికిరానివి ఏవో అనుభవజ్ఞులైన పనివారితో వేరుచేయింపుడు. బాగుపడిన ప్రతి పడవయు మీ ఊరి యువకునికి పని కల్పించును. నమ్మికతో అమ్మిన పడవ మరియొక కొనుగోలుదారుని తెచ్చును. ఇదియే మా విన్నపము.