మండుటెండలో సైకిలు యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



సైకిలు పల్లెకు క్రొత్త వస్తువు కాదు. బడిపంతులు పొరుగూరి పాఠశాలకును, పాలవాడు పట్టణమునకును, తపాలా జవాను పది గ్రామములకును దానిపైననే తిరిగిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటు సభ్యులై యుండియు సైకిలుపైననే సభకు పోయెడివారని తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. అట్టి వాహనము నగరమున కొంతకాలము చిన్నచూపునకు గురియై, ఇప్పుడు మరల వ్యాయామమునకును, దూరయాత్రకును సాధనముగా ఆదరము పొందుచున్నది. హైదరాబాదునందలి ఉద్యోగులును, విద్యార్థులును జట్లుగా కూడి, చిన్న చిన్న పట్టణముల మీదుగా మూడు నాలుగు దినముల యాత్రలు చేయుచున్నారు. అట్టి యాత్రలో ఎండ ముదిరిన ఒక్క దినము మనుష్యునకు ఏమి నేర్పునో విచారించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

అమీర్‌పేట, పంజగుట్ట యనునవి నేడు హైదరాబాదు నడిబొడ్డు. ఒకవైపున ప్రకృతి చికిత్సాలయము, మరియొకవైపున నిజాం వైద్య విజ్ఞాన సంస్థ. నడుమ శిక్షణాలయములు, వస్త్రదుకాణములు, పగలెల్ల కాలు మోపుటకు చోటు లేని జనసమ్మర్దము. తెల్లవారుజామున నాలుగు గంటలకు మాత్రము ఆ కూడలి వేరొక ఊరివలె నుండును. ఆ వీధి పూర్వపు 9వ నంబరు జాతీయ రహదారి మార్గము. నగరము దాటిన పిదప అది నేటి 65వ నంబరు రహదారియై చౌటుప్పల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామల మీదుగా విజయవాడకును, అటనుండి మచిలీపట్టణమునకును పోవును. 17వ శతాబ్దమున గోల్కొండ సరకులు సముద్రపు రేవునకు చేరినది ఈ దిక్కుననే. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండకును మచిలీపట్టణమునకును నడుమ ప్రయాణించి, ఆ త్రోవను వర్ణించియున్నాడు.

పంజగుట్టనుండి బందరు సముద్రతీరమునకు సుమారు 350 కిలోమీటర్లు. నాలుగు దినముల యాత్ర. పండ్రెండుగురు గల యొక జట్టు ఉగాది దాటిన పిదప ఈ త్రోవ పట్టినదని యనుకొనవచ్చును. మొదటి 15, 20 కిలోమీటర్లు వారి తలపై మెట్రో రైలు వంతెన యుండును. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరు వరకు ఆ రైలు నడువనారంభించినది. కాని ఆ నీడ చీకటిలోనే వెనుకబడిపోవును. ఎల్.బి. నగరు దాటి, సూర్యుడు కన్నులకెదురుగా లేచు వేళకు నెత్తిన ఆకాశము దప్ప మరేమియు నుండదు. నీడ అక్కరలేనప్పుడు దొరకును, అక్కరయైనప్పుడు దొరకదు. దూరయాత్రలో మొదటి పాఠ మిది.

జట్టుగా సైకిలు త్రొక్కు పద్ధతులు లోకమున రెండు గలవు. 1897లో ఇటలీ దేశమునందు కొందరు రోమునుండి నేపుల్సు వరకు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో త్రొక్కిరి. అట్టివారికి ‘ఆడాక్స్’, అనగా సాహసికులు, అను పేరు వచ్చినది. 1904లో ఫ్రాన్సు దేశమున దీనికి నియమము లేర్పడినవి. ఆ నియమముల ప్రకారము అందరును ఒక నాయకుని వెనుక ఒకే వేగమున సాగవలెను. ఎవ్వరును అతనిని దాటిపోరాదు. 1921లో వేరొక పద్ధతి వచ్చినది. అందు ఎవరి వేగము వారిది. గడువు మీరకుండ చేరిన చాలును. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు గడువు. నేడు హైదరాబాదు యువకులు ఎక్కువగా పాల్గొను పందెము గాని దూరసవారీలు ఈ రెండవ తీరువే. కాని మండుటెండలో చిన్న జట్టుకు మొదటి పద్ధతియే మేలు. ఏలననగా ఎండలో ఒంటరియైనవాడు తన దేహమును తానే సరిగా చూచుకొనజాలడు.

ఇక రెండవ దినము. నార్కట్‌పల్లినుండి కోదాడకు సుమారు 95 కిలోమీటర్లు. నాలుగున్నరకు బయలుదేరి, ఎండ ముదురక మునుపే సూర్యాపేట చేరవలెనని ముందుగా నిశ్చయము. కాని నిద్ర లేచుట ఆలస్యము. ఒకని చక్రమునకు ముల్లు దిగినది. నకిరేకల్లులో ఇడ్లీల యొద్ద ముచ్చట్లతో ముప్పావుగంట గడచినది. ఉదయమున పోగొట్టుకొన్న గంటను మధ్యాహ్నము వడ్డీతో వసూలు చేయును. కేతేపల్లి దాటి మూసీ వంతెన చేరుసరికి పది దాటిపోయినది. ముందునాడు నగరమున చాదర్‌ఘాట్ వద్ద దాటిన మూసీయే యిది. నల్లగొండ సీమలో తిరిగి తిరిగి మరల ఎదురైనది.

అప్పటికి గాలి వేడెక్కినది. వాతావరణ శాఖవారు చెప్పు ఉష్ణోగ్రత నేలకు సుమారు నాలుగడుగుల యెత్తున, గాలియాడు తెల్లని పెట్టెలో, నీడన ఉంచిన యంత్రము చూపునది. అది 40 డిగ్రీలు చూపినప్పుడు ఎండలోనున్న తారురోడ్డు అంతకంటె మిక్కిలి వేడిగా నుండును. సైకిలువాడు ఆ రోడ్డుపై, ఆ యెండలో, తన కండరములు పుట్టించు వేడిని కూడ మోయుచు పోవును.

ఇచట సైకిలు చేయు మోస మొకటి కలదు. నడచువానికి చెమట కారి కన్నులలో పడును, కావున జాగ్రత్తపడును. సైకిలువానికి తన వేగమే విసనకఱ్ఱ. తెలంగాణపు పొడిగాలిలో చెమట పుట్టినది పుట్టినట్లే ఆరిపోవును. తనకు చెమట పట్టుటలేదని వాడు భ్రమపడును. చొక్కాపై తెల్లని ఉప్పుచారలు కనబడినప్పుడే నిజము తెలియును. కష్టించు దేహము ఇట్టి యెండలో గంటకు ఒక లీటరు, ఒక్కొకప్పుడు అంతకు మించియు నీటిని కోల్పోవును. సైకిలునకు తగిలించు రెండు సీసాలలో పట్టునది లీటరున్నర. అనగా గంటన్నర కొకసారి నీరు నింపుకొననిచో యాత్ర అప్పుపై నడచుచున్నట్లే. వెనుకనుండి గాలి వీచినను, మిట్ట యెక్కుచు వేగము తగ్గినను, ఆ విసనకఱ్ఱ కూడ ఆగిపోవును.

మూసీ దాటిన పిదప జట్టులో ఒకడు వెనుకబడినాడు. పంజగుట్టలో చల్లని గదిలో పనిచేయువాడు; పదిమందిలో చులకన యగుదునని నోరు విప్పడు. మొదట మాటలు తగ్గినవి. పిదప తలనొప్పి, వికారము. తరువాత అంత యెండలోను వానికి చలివలె ఒడలు జలదరించినది. ముందున్న వారికి ఇవేమియు తెలియవు. వారు మరి రెండు మైళ్ళు పోయి, ఒక చెట్టు క్రింద నిలిచి, వాడు రాలేదని విసుగుకొనుచున్నారు. అనుభవము గల నాయకు డట్టి జట్టున ముందుండడు, చివర నుండును. వాని ముఖము చూచి, ‘ఇక చాలు, దిగుము’ అనును.

త్రోవప్రక్క చలివేంద్రము ఆ వేళ దేవాలయముతో సమానము. తాటియాకుల పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, అడుగకయే చెంబు ముంచి యిచ్చు చేయి. వెనుకబడినవానిని నీడన పరుండబెట్టి, కాళ్ళు కొంచెము ఎత్తి, మెడకును చంకలకును తడిగుడ్డలు వేసి విసరినారు. ఉప్పు వేసిన మజ్జిగ కొంచెము కొంచెముగా త్రాగించినారు. వట్టి నీరే కడుపునిండ త్రాగుట కూడ కీడే. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రానిచో నీరు ఎక్కువైనను ప్రమాదము కలుగును. మజ్జిగ దొరకనిచోట ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపిన చాలును. ప్రక్కనే తాటిముంజలు అమ్ముచుండిరి. వాడు నాలుగు ముంజలు తిని, అరగంటకు నవ్వినాడు. అప్పుడు అందరికిని ప్రాణము లేచి వచ్చినది.

అందరి విషయమునను ఇట్లు జరుగదు. మాట తడబడినను, ఉన్నచోటు తెలియకపోయినను, స్పృహ తప్పినను అది వడదెబ్బ. దేహపు వేడి 40 డిగ్రీలు దాటిన లక్షణ మది. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఒడలెల్ల తడిపి విసరుచు, 2005లో మనకు వచ్చిన 108 వాహనమును పిలువవలెను. వాహనము వచ్చువరకు చల్లబరచుట ఆపరాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగాను, తెలంగాణమున వందలమందియు మరణించిరి. వారు క్రీడకై యెండలో తిరిగినవారు కారు. పలువురు పొట్టకూటికై పనికి పోయినవారును, వృద్ధులును. సరదాకై యెండలోనికి పోవువాడు ఈ సంగతి మరువరాదు.

సూర్యాపేట చేరుసరికి మిట్టమధ్యాహ్నము. కోదాడ ఇంకను సుమారు 45 కిలోమీటర్లు. జట్టులో బలముగలవారు నలుగురు ‘మేము సాగుదుము, మీరు మెల్లగా రండు’ అనిరి. వారికి శక్తి యున్నమాట నిజమే. ఆ తగవు తీర్చినది నాయకుడు కాదు, సత్రపు అరుగుపై కూర్చున్న యొక ముసలి రైతు. ‘బాబూ, ఎద్దును గూడ ఈ వేళ అరకకు కట్టము గదా’ అనెను. నలుగురును తల వంచుకొనిరి. రైతు పొద్దు పొడవక మునుపే పొలమునకు పోవును. ఎండ నడినెత్తికి రాకముందే కాడి దింపును. చల్లబడిన పిదప మరల పట్టును. నగరమువారు పుస్తకములలో వెదకు శాస్త్రము వాని దినచర్యయందే యున్నది. ఎండకు దేహము అలవాటు పడుటకు వారము మొదలు రెండు వారములు పట్టునని వైద్యులు చెప్పుదురు. ఏండ్ల తరబడి అలవాటుపడిన రైతే మధ్యాహ్నము ఆగుచుండగా, నిన్న నీడనుండి వచ్చినవాడు ఆగకపోవుట పౌరుషము కాదు.

నాలుగు గంటల వరకు అందరును విశ్రమించిరి. తరువాత తూర్పుముఖముగా, తమ నీడలు తమకంటె ముందు పరుగిడుచుండగా సాగి, దీపములు పెట్టిన పిమ్మట కోదాడ చేరిరి. మూడవనాడు నందిగామ దాటి కృష్ణ దాపునకు వచ్చినప్పుడు ఎండ తీరు మారినది. ఉష్ణోగ్రత కొంత తగ్గినను గాలిలో తడి హెచ్చినది. చెమట ఆరక కారుచుండెను. ఆరని చెమట చల్లబరచదు. కావున అచట అంకె తక్కువైనను ఆయాస మెక్కువ. కాని అప్పటికి వారికి ఆగుట తెలిసినది. నాలుగవనాడు బందరు చేరినవారు పండ్రెండుగురు, బయలుదేరినవారును పండ్రెండుగురే. యాత్ర సఫలమైనదనుటకు అంతకంటె వేరు లెక్క లేదు.

ఈ త్రోవతో గ్రంథాలయములకును సంబంధము కలదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన హైదరాబాదునందు అది యారంభమగును. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమకారులు తొలిసారి సభదీరిన విజయవాడ మీదుగా అది పోవును. ఆ ఉద్యమమును నడిపినవారును ఒక్క పరుగున గమ్యము చేరలేదు. ఆగుచు, వెనుకటివారిని కలుపుకొనుచు సాగిరి. గ్రంథాలయమునందును వేగముగా చదువువా డొకడు, అక్షరములు కూడబలుకుకొనువా డొకడు నుందురు. మొదటివానికి పుస్తకము ఇచ్చిన చాలును; రెండవవానికి పుస్తకముతో పాటు చెంబెడు నీరు, జానెడు నీడ, ప్రక్కన కూర్చుండు తోడు కావలెను. ఇరువదియైదు సంవత్సరములు చలివేంద్రమువలె నిలిచిన ఈ గ్రంథాలయము చివరివాని కొరకు ఇంకను తలుపు తెరచి యుంచుగాక!

స్వస్తి.