భీమిలి సమాధులు మనకు చెప్పు మాట

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

సంఘచరిత్రలోనుండి ఒక సంగతి చెప్పుమని పెద్దలు నన్ను కోరిరి. మన సంఘముల చరిత్ర చెప్పుటకు నాకంటె అనుభవజ్ఞులు ఈ పందిరిలో అనేకులు కలరు. గనుక మన పొరుగుననే యుండియు మనము అంతగా తలంచని ఒక సంగతిని నేను తీసికొనుచున్నాను.

విజయనగరము నుండి భీమునిపట్నము వెళ్లినవారు, గోస్తనీ నది సముద్రములో కలియు ఆ ఊరిలో పాత డచ్చి సమాధులను చూచియుందురు. పదునేడవ శతాబ్దములో బట్టల వర్తకము కొరకు వచ్చిన డచ్చి కంపెనీవారు అక్కడ నిలువ నీడ సంపాదించుకొనిరి. 1825లో ఆ ఊరు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయెను. ఆ డచ్చి కంపెనీ ఆదరించినది ప్రొటెస్టెంటు సంస్కరణ సంఘమును. ఆ విశ్వాసము కొరకు వారి పితరులు ఎన్ని శ్రమలు పడిరో, ఆ శ్రమలు వారికి ఏమి నేర్పెనో, ఏమి నేర్పలేదో ఈ పూట కొంచెము ఆలోచింతము.

1555లో రెండవ ఫిలిప్పు తన తండ్రియైన ఐదవ చార్లెసు చక్రవర్తి నుండి నెదర్లాండ్సు పాలన పొందెను. ఆయన దృఢమైన కథోలికుడు. మరుసటి సంవత్సరమే స్పెయినుకును రాజాయెను. లూథరు, కాల్విను బోధలను అనుసరించువారికి మరణదండన విధించు శాసనములు తండ్రి కాలముననే యుండెను. కుమారుడు వాటిని సడలింపలేదు. గీడో డి బ్రే అను బోధకుడు 1561లో ఒక విశ్వాసప్రమాణమును ప్రకటించెను. మేము రాజద్రోహులము కాము, పన్ను కట్టుదుము, విధేయులమై యుందుము, మనస్సాక్షిని మాత్రము అమ్ముకొనజాలము అని అతడును అతని తోటివారును రాజుకు విన్నవించుకొనిరి. 1567లో అతనిని ఉరితీసిరి.

అయితే ఇది కేవలము మతకలహమని తలంచుట పొరబాటు. ఆ పట్టణములకు పూర్వము నుండి వచ్చిన హక్కులుండెను. దూరమున నున్న రాజు ఆ హక్కులను త్రోసివేయుట కథోలిక ప్రభువులకు సహితము రుచింపలేదు. 1566 ఏప్రిలులో చిన్న ప్రభువులు కొందరు శాసనములను సడలింపుమని అర్జీ పట్టుకొని బ్రస్సెల్సు వెళ్లగా, వారిని బిచ్చగాళ్లని ఎగతాళి చేసిరి. వారు ఆ పేరునే బిరుదుగా పెట్టుకొనిరి. మన తాతలను ఊరివారు ఏ పేర్లతో పిలిచిరో జ్ఞాపకమున్నవారికి ఇది చక్కగా బోధపడును.

అదే సంవత్సరము ఆగస్టులో ప్రొటెస్టెంటు గుంపులు కథోలిక దేవాలయములలో చొరబడి ప్రతిమలను పగులగొట్టిరి. ఇది మన పక్షమువారి తప్పు, దాచనక్కరలేదు. మరుసటి యేడు ఫిలిప్పు ఆల్వా డ్యూకును సుమారు పదివేల సైన్యముతో పంపెను. ఆయన పెట్టిన న్యాయస్థానమునకు ప్రజలు రక్తసభ అని పేరు పెట్టిరి. అది ఇంచుమించు వెయ్యిమందిని చంపించెను. 1568 జూన్ 5న బ్రస్సెల్సు నడివీధిలో ఎగ్మాంటు, హార్న్ అను ఇద్దరు ప్రభువుల శిరస్సులు తీసిరి. వారిద్దరును కథోలికులే! పిమ్మట ఆల్వా అమ్మిన ప్రతి సరకుపై పదింట ఒక వంతు పన్ను వేయబోగా, మాస్ ఆచరించు వర్తకుడును, కీర్తనలు పాడు వర్తకుడును కలిసి ఎదురు తిరిగిరి.

ఆ దినములలో డిర్క్ విల్లెంసు అను ఒక సామాన్యుడుండెను. పెద్దవాడైన తరువాత మరల బాప్తిస్మము పొందినందున అతనిని చెరలో వేసిరి. అతడు తప్పించుకొని గడ్డకట్టిన నీటిమీద పరుగెత్తుచుండగా, వెంట తరుముచున్న భటుడు మంచు విరిగి నీళ్లలో పడెను. డిర్క్ వెనుకకు తిరిగి వచ్చి, చేయి అందించి, అతనిని బ్రతికించెను. అందువలననే మరల పట్టుబడెను. 1569లో అతనిని సజీవదహనము చేసిరి. సహోదరులారా, ఈ చరిత్ర యంతటిలో సువార్తకు మిక్కిలి సమీపముగా నున్నది ఆ వెనుకకు తిరిగిన అడుగే.

తరువాత ఏమి జరిగెను? 1572లో ప్రొటెస్టెంటు తిరుగుబాటుదారులకు కొన్ని పట్టణములు చిక్కెను. ఆ జూలై నెలలోనే వారు గోర్కుం పట్టణములో పట్టిన పందొమ్మిదిమంది కథోలిక గురువులను, సన్యాసులను బ్రిల్ ఊరికి కొనిపోయి ఉరితీసిరి. మరుసటి యేడు హాలెండులో బహిరంగ కథోలిక ఆరాధన నిషేధింపబడెను. 1579లో ఉట్రెక్టు ఒడంబడిక ఎవరిని మతము నిమిత్తము విచారింపరాదని చెప్పెను. మాట గొప్పదే. కాని కథోలికులు తలుపులు మూసికొని, అధికారులకు సొమ్ము చెల్లించి, ఇండ్లలో ఆరాధించుకొనవలసి వచ్చెను. 1660 ప్రాంతములో ఆమ్‌స్టర్‌డాములో ఒక ఇంటి అటకపై కట్టిన అట్టి దేవాలయము నేటికిని మ్యూజియముగా నిలిచియున్నది.

డచ్చివారు సింహళములో పోర్చుగీసువారిని వెళ్లగొట్టి, 1658లో జాఫ్నా పట్టుకొని, అక్కడ కథోలిక గురువులను నిషేధించిరి. 1687లో గోవా నుండి జోసెఫ్ వాజ్ అను గురువు కూలివాని వేషముతో అక్కడికి చేరి, చాటుగా తన మందను కాచెను. తుదకు ఆయనకు నీడనిచ్చినది క్రైస్తవ రాజ్యము కాదు, బౌద్ధరాజు ఏలు కాండీ. 2015లో కథోలిక సభ ఆయనను పునీతుడుగా ప్రకటించెను.

కోడలుగా ఏడ్చిన ఆమె అత్త అయిన తరువాత ఆ ఏడుపు మరచునని మన ఇండ్లలో అందురు. పెద్ద అప్పు క్షమింపబడిన దాసుడు బయటికి పోయి, చిన్న బాకీ కొరకు తోటి దాసుని గొంతు పట్టుకొనెనని ప్రభువు చెప్పిన ఉపమానమును మీరెరుగుదురు. శ్రమ తనంతట తానే మనుష్యుని మంచివానిగా చేయదు. చేతికి అధికారము వచ్చిన దినమున మన విశ్వాసమునకు పరీక్ష.

ఈ మాట ఇతరులకు చెప్పుటకు ముందు నా తప్పు ఒప్పుకొనవలెను. నేను వేదాంత కళాశాల విడిచి వచ్చిన క్రొత్తలో, ఒక పల్లెలో మన ఆడబిడ్డ ఒకామె చనిపోయెను. ఆర్.సి.ఎం. కుటుంబములో ఇచ్చిరి. భర్త పోగా పుట్టింటికి చేరినది. తల్లి ప్రక్కను పెట్టుకొందుమని అన్నదమ్ములు అడిగిరి. పెద్దలు కూడదనిరి. నేను నియమము చూపి ఊరకుంటిని. వానాకాలము. వారు పాడె మోసికొని, పొంగుచున్న గెడ్డ దాటి, అత్తవారి ఊరికి పోయిరి. వారము తరువాత పెద్దన్న వచ్చెను. కోపము లేదు. “అయ్యగారూ, అక్కడి ఫాదరు గారు అడిగేరండి. మీ పాస్టరు గారు రాలేదేం, ఒంట్లో బాగులేదా అని” అనెను. నాకు జవాబు లేకపోయెను. ఆరడుగుల నేల మాత్రమే నా అధికారములో నుండెను, దానినే నేను ఇయ్యలేకపోతిని.

1805లో లండను మిషనువారు విశాఖపట్నము వచ్చిరి. 1846లో కథోలిక మిషనరీలు అక్కడికే వచ్చిరి. 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడలో పని ఆరంభించిరి. వారు సువార్తతోపాటు ఐరోపా తగవులను కూడ ఓడలలో తెచ్చిరి. సువార్త మనది. ఆ తగవులు మనవి కావు. వంశధార, నాగావళి ఒడ్డున నున్న మన పల్లెలలో ఒకే బావి, ఒకే సంత, అవే ఇంటిపేర్లు. శ్మశానము గోడ మాత్రము రెండుగా ఏల?

సంఘపెద్దలారా, రెండవ నూరేండ్లలో అడుగుపెట్టుచున్న మనము మీ ఊళ్లకు తిరిగిపోయినప్పుడు ఒక పని చేయుదము. మన సమాధుల తోట ద్వారమున ఎవరి కన్నీరు నిలిచిపోయెనో విచారింతము. అవసరమైన యెడల వెనుకకు తిరిగి చేయి అందింతము. అట్టి మనస్సు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమెన్.