కరణం దస్తరం ఇప్పుడు ఫోనులో ఉంది

(వాడల్లో ఫోను బడి నడపబోయే కార్యకర్తలు, గ్రామస్థులు కూచున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా పనిచేసి వచ్చారు. ఎక్కువసేపు కూచోబెట్టం.

మన తాతలు వేలిముద్రలు వేశారు. అప్పిచ్చినోడు ప్రోనోటు రాసి, బొటనవేలికి సిరా పూసి అద్దించుకున్నాడు. అందులో వంద రాశాడో వెయ్యి రాశాడో వేలు ఇచ్చినోడికి తెలీదు. అది తీర్చడానికి కొడుకు పాలేరు కుదిరాడు, కొడుకు తీర్చలేకపోతే మనవడు కుదిరాడు. ఇవాళ మనం మళ్ళీ వేలిముద్రే వేస్తున్నాం. రేషను షాపులో మిషను మీద, బ్యాంకు డబ్బులిచ్చే పిల్లోడి మిషను మీద. సిరా లేదు, అంతే తేడా. తెర మీద ఎంత పడిందో అవతలోడు చదువుతాడు, మనం వింటాం. "సర్వర్ లేదవ్వా, మళ్ళీ పెట్టు" అంటే మళ్ళీ పెడతాం. మొదటిసారి పెట్టినప్పుడే డబ్బు పోయిందేమో ఎవరికి తెలుసు? చీటీ ఇమ్మని అడిగినోళ్ళు ఈ సభలో ఎంతమంది ఉన్నారు?

1984లో కరణాలు పోయారు, పటేల్ పట్వారీలు పోయారు. దస్తరం కరణం ఇంట్లోంచి తాసీల్దారు ఆఫీసుకు పోయింది. అక్కణ్ణించి కంప్యూటర్లోకి పోయింది. పోవడం మంచిదే. కరణం అరుగు ఎక్కనివ్వని మాల మాదిగ బిడ్డ ఇవాళ తన చెక్క అడంగలు ఎవరి దయా లేకుండా చూసుకోవచ్చు. చూడ్డం వస్తే! రాకపోతే కొత్త కరణాలు పుడతారు. పుట్టారు కూడా. సెంటరు పెట్టి పది రూపాయల పనికి వంద గుంజేవాడు కొత్త కరణం. వాడు మన వాడ పిల్లోడే అయినా కరణమే. కులం చూసి ఊరుకోవద్దు, గట్టిగా అడగండి.

కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది: ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని. ఆంధ్రలో ఆడవాళ్ళు నూటికి 21 మంది వాడామన్నారు, మగవాళ్ళు 49 మంది. తెలంగాణలో ఆడవాళ్ళు 26, మగవాళ్ళు 57. హైదరాబాద్, విజయవాడ కలిపి వేసిన లెక్క ఇది. మన వాడలో ఎంతో మీరే లెక్క పెట్టండి. ఇంట్లో ఫోను ఉంటుంది. కాని అది ఎవరి జేబులో ఉంటుంది? సిమ్ము ఎవరి పేరున ఉంది? అమ్మ ఖాతాకు కొడుకు నంబరు కలిపి ఉంటే, ఆ కొడుకు బెంగుళూరు పోతే, అమ్మకు రావాల్సిన ఓటీపీ బెంగుళూరులో మోగుతుంది. ఈ సంగతి బయటోడి మీద తోయడానికి లేదు, మన ఇళ్ళలోదే.

ప్రభుత్వం నేర్పలేదా అంటే నేర్పింది. 2017లో ఆరు కోట్ల పల్లె కుటుంబాలకు, ఇంటికొకరికి, 20 గంటల కంప్యూటరు చదువు అని పథకం పెట్టింది. 2024 మార్చి 31న దాన్ని మూసింది. 6.39 కోట్ల మందికి నేర్పామనీ, 4.77 కోట్ల మందికి సర్టిఫికెట్లు ఇచ్చామనీ లెక్క చెప్పింది. చిన్న లెక్కలేం కావు. కాని ఇంటికొకరు అంటే మన ఇళ్ళలో ఎవరు పోతారు? ఇంటరు చదివిన కొడుకు పోతాడు. వాడికి ముందే వచ్చు. ఇంకోటి, వయసు 14 నుంచి 60 దాకా అన్నారు. అంటే పింఛను కోసం ప్రతి నెలా వేలు పెట్టే అవ్వ ఆ చదువు లెక్కలోకే రాలేదు. ఎవరిని మిషను ముందు నిలబెట్టారో వాళ్ళకే నేర్పనక్కర లేదనుకున్నారు.

కేరళలో ఇంకోరకంగా చేశారు. తిరువనంతపురం జిల్లాలో పుల్లంపార అనే పంచాయతీ ఉంది. అక్కడ ఇల్లిల్లూ తిరిగి ఎవరికి రాదో పేర్లు రాసుకున్నారు. సెంటరుకు రండని పిలిచి ఊరుకోలేదు. ఉపాధి పని జరిగే చోటికి, ఇళ్ళ దగ్గరికి, కుటుంబశ్రీ ఆడవాళ్ళు కూచునే చోటికి కుర్రవాళ్ళే పోయి నేర్పారు. మూడు వేల మందికి పైగా నేర్చుకున్నారు. 2022 సెప్టెంబరులో ఊరంతా వచ్చినట్టు ప్రకటించారు. దాన్నే రాష్ట్రమంతా చేసి, దాదాపు 22 లక్షల మందిని గుర్తించి నేర్పి, 2025 ఆగస్టు 21న కేరళ మొత్తానికీ ప్రకటన చేశారు. తొంభై దాటినోళ్ళు కూడా నేర్చుకున్నారు. ప్రకటన చేసినంత మాత్రాన అందరికీ అంతా వచ్చేసిందని మేం నమ్మం. ప్రభుత్వ ప్రకటనలు మనం చాలా చూశాం. కాని ఆ పద్ధతి మనకు కావాలి. పనిచోటికి పోవడం, పేరు రాసుకోవడం, ముసలోళ్ళను వదలకపోవడం.

మన దగ్గర లేదా అంటే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. అక్షరం రానివాళ్ళు పట్టారు. కెమెరా భాషకు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎదుటి మనిషి కళ్ళకు కళ్ళు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. ఏ సినిమా బడిలో చెప్తారు ఈ పాఠం? 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలుపెట్టి వాళ్ళే నడిపారు. కాబట్టి "మా వాళ్ళకు చదువు రాదు, ఫోనేం వస్తుంది" అనే మాట ఏ కార్యకర్త నోటా రాకూడదు. నాగలి పట్టిన చెయ్యి, నాటేసిన చెయ్యి. దానికి ఒక అద్దం ముక్క బరువా?

ఇక నెల్లూరు సంగతి. 1990-91లో ఆ జిల్లాలో రాత్రిబడులు పెట్టి అక్షరాలు నేర్పారు. వాచకంలో తాగుబోతు మొగుడున్న ఇల్లాలి కథ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి సారా దుకాణం మీదికి పోయారు. జిల్లా కదిలింది, రాష్ట్రం కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించక తప్పలేదు. ఆ వాచకంలో "ఉడత, ఊయల" మాత్రమే ఉంటే ఆ పని జరిగేది కాదు. మా ఫోను బడిలో కూడా మొదటి పాఠం బొమ్మలు నొక్కడం కాకూడదంటాం.

మొదటి పాఠం పాసుపుస్తకం. బ్యాంకు నుంచి వచ్చే మెసేజీ ఇంగ్లీషులో ఉంటుంది. అందులో రెండు మాటల రూపం గుర్తుపడితే చాలు: క్రెడిటెడ్ అంటే వచ్చింది, డెబిటెడ్ అంటే పోయింది. ముగ్గులో చుక్కలు గుర్తుపట్టే కన్నుకు ఈ రెండు మాటలు కష్టం కాదు. రెండో పాఠం కూలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనిలో హాజరు ఫోనులోకి పోయింది, రోజుకు రెండు ఫోటోలు. ఫోటో ఎక్కలేదంటే చేసిన పని చేయనట్టే అయింది. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ దారినే వేశారు. ఆ దారి మర్మం ఒకటుంది, రాసుకోండి. ఆధార్‌ను ఆఖరుసారి ఏ బ్యాంకు ఖాతాకు ముడిపెట్టారో డబ్బు ఆ ఖాతాకే పోతుంది. మీకు నాలుగు ఖాతాలుంటే, మీరు ఎదురుచూసేది ఒకదాంట్లో, పడేది ఇంకోదాంట్లో. కూలి రాలేదని మేటుతో కొట్లాడే ముందు ఇది చూసుకోవాలి.

మూడో పాఠం భూమి. ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి వచ్చిన భూభారతి. తాతకిచ్చిన అసైన్డు పట్టా ఎకరం ఎవరి పేరున ఉందో చూడాలి. ఆంధ్ర అడంగలులో పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉంటాయి. మొదటి గడిలో మన తాత, రెండో గడిలో ఊరి పెద్ద ఉంటే ఆ రోజు పాఠం అక్కడితో ఆపండి. మిగతాది తాసీల్దారు ఆఫీసు దగ్గర చదువుకుందాం.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని గోడల మీద రాస్తారు. కాని సెంటరుకు పోతే మొదట అడిగేది ఓటీపీనే, చెప్పకపోతే పని కాదు. అందుకని చెప్పొద్దు అనే బడి చాలదు. ఇది ఏ పనికొచ్చిన ఓటీపీ, చెప్తే ఏం జరుగుతుంది, అది చదివించే బడి కావాలి. డబ్బు పోతే ఏడుస్తూ కూచోకుండా గంటల్లోనే 1930కి ఫోను చెయ్యాలి. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే వీలు కూడా ఉంది. కాని తాళం తీయడం రాకుండా వేస్తే వేలిముద్ర చెల్లదు, రేషను ఆగిపోతుంది. రెండూ వచ్చాకే వెయ్యండి.

కొందరు మిత్రులంటారు: భూమి లేనోడికి, గ్లాసు వేరుగా పెట్టే ఊళ్ళో, ఫోను చదువేమిటి, ఇది కంపెనీల పని అని. కంపెనీలకు లాభం ఉంది, కాదనం. అయితే పోరాడే భూమి రికార్డు ఫోనులోకి పోయాక, పోరాటం ఫోను దాటి ఎట్లా పోతుంది? వాళ్ళ మాటలో ఒకటి మాత్రం నిజం. మనం నేర్చుకుంటున్నాం కదా అని ఆఫీసులు తలుపులు మూసుకుంటే ఒప్పుకోకూడదు. డిజిటల్ సేవలు అందుకోవడం బతికే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కళ్ళు కనపడనివాళ్ళు, యాసిడ్ దాడికి గురైనవాళ్ళు తెచ్చిన కేసు అది. రెప్ప కొట్టి చూపిస్తేనే బ్యాంకు ఖాతా అంటే, రెప్ప లేనివాళ్ళు ఏం కావాలి? పని చేసి చేసి వేలిగీతలు అరిగినోళ్ళం మనం కూడా అదే అడగాలి. మిషను మమ్మల్ని గుర్తుపట్టకపోతే మనిషి గుర్తుపట్టాలి, కాయితం తీసుకోవాలి.

సోమవారం రాత్రి అన్నాలు తిన్నాక, అంబేడ్కర్ బొమ్మ దగ్గర లైటు కింద కూచుందాం. మొదటి వారం ఆడవాళ్ళకే. మగవాళ్ళు ఫోను ఇచ్చి పంపి, పిల్లల్ని చూసుకోండి. పాసుపుస్తకం, జాబ్‌కార్డు, ఆధార్, పట్టా కాయితం ఉంటే అదీ తెచ్చుకోండి. ఫోను లేనోళ్ళు ఊరికే రండి, పక్కనోళ్ళ ఫోనులో చూద్దాం. నేర్పే పిల్లలకు ఒకటే షరతు: అవ్వ చేతిలోంచి ఫోను లాక్కుని మీరు నొక్కకూడదు. ఎంతసేపైనా ఆమే నొక్కాలి.