లాకు పడిన ఖాతా
(కూచిపూడిలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు లాకు అనగానే కాలువమీది లాకు జ్ఞప్తికి వచ్చును. ఆ తలుపులు ఎందుకు మూసిరో, ఎప్పుడు తెరతురో లస్కరు నడిగిన చెప్పును. నేడు నేను చెప్పబోవు లాకు కంటికి కనబడనిది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైన పిదప అర్జీలు, ధ్రువపత్రములు, జాబితాలు చాలావరకు కంప్యూటరులోనికి వచ్చినవి. ఉద్యోగి ఉదయమున వచ్చి పేరు, పాస్‌వర్డు కొట్టును. ఖాతా లాక్ అయినదని తెరపై కనబడును. ఎదుట నిలిచిన రైతు మరునాడు రావలసినదే.

మరునాడు వచ్చుట పెద్దకష్టము కాదని కొందరనవచ్చును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు మన జిల్లాలో చేతికి వచ్చిన వరి నీటిపాలైనది. అటువంటి వేళ నష్టపు జాబితాలో పేరు ఎక్కుటకు గడువుండును. గడువు చివరిదినమున ఖాతా మూతపడినచో ఉద్యోగి జీతమునకు లోటు లేదు, లోటు రైతునకే.

ఇంతకు ఈ లాకు ఎందుకు పెట్టిరి? ఈ ఊరి భాగవతములలో పాత్ర తెర దాటి వచ్చునప్పుడు తానెవరో ప్రవేశదరువులో చెప్పుకొని గాని రంగమున నిలువదు. నెట్‌వర్కులోని సర్వరు కూడ వచ్చినవాని నట్లే అడుగును. తప్పు పాస్‌వర్డు పలుమారులు కొట్టువాడు దొంగ కావచ్చునను అనుమానముతో తలుపు మూయును. ఎన్ని తప్పులకు మూయవలెనో, ఎన్ని నిమిషములు మూసియుంచవలెనో, తప్పుల లెక్క ఎప్పటికి మరల సున్నకు రావలెనో నెట్‌వర్కు నిర్వాహకుడు ముందే నిర్ణయించును. 2022 అక్టోబరు తరువాతి విండోస్ 11ను కొత్తగా ఎక్కించిన యంత్రములలో పది తప్పులకు పది నిమిషముల లాకు ముందుగనే అమర్చబడి యున్నది.

కొన్ని కారణములు చిన్నవి. క్యాప్స్‌లాకు వెలుగుచుండును, లేక మీటలు తెలుగులో నుండిపోయి యుండును. పాస్‌వర్డు చుక్కలుగా మాత్రమే కనబడును గనుక పొరపాటు తెలియదు. కంప్యూటరు గడియారము తప్పినను లాగిన్ కుదరదు. సర్వరు గడియారముతో అయిదు నిమిషములకు మించిన తేడాను విండోస్ నెట్‌వర్కు సాధారణముగా అంగీకరింపదు. అది లాకు కాదు, కాని చూచువారు లాకే అనుకొందురు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన యంత్రములలో, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి ఇట్లు జరుగవచ్చును.

అసలు చిక్కు మరియొకటి. నేను లోగడ పనిచేసిన ఒక కార్యాలయమున నా ఖాతా వరుసగా నాలుగు దినములు ఉదయమే లాక్ అయినది. నేను కొట్టిన పాస్‌వర్డు సరియైనదే. మొదటి దినము నిర్వాహకుడు లాకు తీసెను. గంటలో మరల పడెను. మూడవ దినమున, వయసు మీరినది, మతిమరపు వచ్చినదని పక్క బల్లవారు నవ్విరి. సిగ్గుతో పాస్‌వర్డు మరల మార్చితిని. దానివలన మేలు కలుగలేదు సరికదా, తిరిగి తిరిగి మార్చుటచే నేనే కొంత తికమక పడితిని.

నాలుగవ దినమున నిర్వాహకుడు చేయవలసిన పని చేసెను. ఖాతా లాక్ అయిన ప్రతిసారి సర్వరు తన చిట్టాలో ఆ సంగతి వ్రాసికొనును. విండోస్ నెట్‌వర్కులో ఆ నమోదు సంఖ్య 4740. అందులో ఖాతా పేరు, సమయము, తప్పు ప్రయత్నము ఏ కంప్యూటరునుండి వచ్చెనో ఆ పేరు ఉండును. చూడగా అది దస్త్రముల గదిలోని పాత యంత్రము. ఏడాదిగా మూలబడినదానిని పాత కాగితములు స్కాన్ చేయుటకు ఆ వారమే వెలుగులోనికి తెచ్చిరి. నేను అందులో ఎప్పుడో దాచిన పాస్‌వర్డుతో అది తనంతట తాను సర్వరు తలుపు తట్టుచుండెను! చివరి రెండు పాత పాస్‌వర్డులు వచ్చిన సర్వరు సామాన్యముగా తప్పుల లెక్కలో వేయదు. ఇది అంతకు ముందటిది. దాచిన పాస్‌వర్డు తొలగించిన పిదప నా ఖాతా మరల మూతపడలేదు. సెల్‌ఫోనులో పెట్టుకొన్న కార్యాలయపు మెయిలు కూడ ఇట్లే చేయగలదు.

కావున సభ్యులారా, లాకు తీసితిమన్న జవాబుతో తృప్తిపడవలదు. తప్పు ప్రయత్నము ఏ యంత్రమునుండి వచ్చినదని అడుగుడు. తెలియని యంత్రము పేరు వచ్చినను, ఒకేసారి పలువురి ఖాతాలు మూతపడినను అది మతిమరపు కాదు, బయటివారు తలుపు తట్టుచున్నారనుమాట. వెంటనే పై కార్యాలయమునకు వ్రాయించుడు. పని ఆగినదని ఒకరి పాస్‌వర్డును మరియొకరికి ఇప్పింపకుడు. రేపు జాబితాలో పేరు మారినచో ఎవరు మార్చిరో తేల్చుట అసాధ్యమగును. ఖాతా లాక్ అయినది, ఓటీపీ చెప్పుడని ఫోను చేయువాడు మోసగాడు. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయుడు.

సర్పంచుల సంగతి వేరుగ చెప్పవలెను. ఈ-గ్రామస్వరాజ్ ద్వారా బిల్లులు చెల్లించుటకు వాడు సంతకపు డాంగిల్‌కు పిన్ కలదు. కొన్ని మారులు తప్పు కొట్టినచో అదియు మూతపడును. పది నిమిషములు ఆగినంత మాత్రమున తెరచుకొనదు. చాలావరకు దానిని తుడిచి, కొత్త సంతకపు ధ్రువపత్రము తెచ్చుకొనవలసి వచ్చును. అందాక ఆ సంతకము మీద ఆధారపడిన బిల్లులు ఆగిపోవును. రెండుమారులు తప్పు వచ్చినచో మూడవమారు ప్రయత్నింపక, పిన్ సరిచూచుకొని వచ్చుట మంచిది. ఆ పిన్ కాగితము డాంగిల్‌కే అంటించిన వారిని నేను చూచితిని. వారి ఊరు పేరు చెప్పను.

ఇక మీ సచివాలయమున జరిగినవేమైన నుండిన చెప్పుడు, కలిసి విచారింతము.