వెండి ధర పెరిగితే పాత రూపాయి ఏమవుతుంది?



మీ ఇంట్లో బీరువా అరలోనో, అమ్మమ్మగారి ట్రంకుపెట్టె అడుగునో, గుడ్డలో మూటకట్టిన పాత వెండి రూపాయలు నాలుగైదు ఉండవచ్చు. రాణి బొమ్మవి కొన్ని, రాజు బొమ్మవి కొన్ని. ఇన్నేళ్లూ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. కానీ కిలో వెండి 2024లో మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. 2025లో లక్షన్నర కూడా దాటింది. ఆ వార్త చూసి చాలామంది ఆ మూట విప్పారు. మీరూ విప్పి ఉంటే ఈ పాఠం మీకోసమే.

వెండి ధర పెరిగినప్పుడు నాణేలకు ఏమవుతుంది, నాణేలు సేకరించేవారి అలవాట్లు ఎలా మారతాయి అన్నది మన విషయం. ఇందులో కొంచెం చరిత్ర, కొంచెం లెక్క, కొంచెం భౌతికశాస్త్రం ఉన్నాయి. ఏదీ కష్టమైనది కాదు.

రూపాయి ఎత్తు

మన పెద్దవాళ్లు "రూపాయి ఎత్తు" అనేవారు. అది మాటవరసకు అన్న మాట కాదు, నిజమైన తూకం. 1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతమంతటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అదే ఒక తులం. 80 రూపాయలు తూచితే ఒక సేరు. అందుకే తూనికరాళ్లు లేనిచోట రూపాయి నాణేలనే రాళ్లుగా వాడేవారు.

ఆ రూపాయిలో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి, ఒక పాలు ఇతర లోహం. శుద్ధమైన వెండి మెత్తగా ఉంటుంది. చేతులు మారేకొద్దీ త్వరగా అరిగిపోతుంది. గట్టితనం కోసమే అందులో రాగి కలిపారు. ఇలా కలిపినదాన్ని మిశ్రమలోహం అంటాం. లెక్క వేస్తే ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల వెండి ఉంటుంది.

నిజాం రాజ్యంలో చెల్లిన హాలీ సిక్కా రూపాయి వేరు. చార్మినార్ బొమ్మ ఉన్న ఆ రూపాయి బరువు 11.18 గ్రాములు. అందులో వెండి నూటికి సుమారు 82 పాళ్లు, అంటే 9.14 గ్రాములు. 1940లలో అందులోనూ వెండి తగ్గించారు. హైదరాబాదు పాత ఇళ్లలో ఈ రెండు రకాల రూపాయలూ కలిసే కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకుని ఒకే ధర చెప్పేవారు ఉన్నారు, జాగ్రత్త.

ఒక నాణెం, మూడు విలువలు

ప్రతి నాణేనికీ మూడు విలువలు ఉంటాయి. మొదటిది దానిమీద ముద్రించిన విలువ. రెండోది దానిలోని లోహం విలువ. మూడోది, సేకరించేవారు ఇవ్వడానికి సిద్ధపడే విలువ. ఈ మూడోది ఆ నాణెం ఎంత అరుదైనది, ఎంత బాగా నిలిచి ఉంది అన్న రెండు సంగతులను బట్టి ఉంటుంది.

కిలో వెండి లక్ష అనుకుని లెక్కవేద్దాం. మీరు చదివే రోజు ధరను బట్టి సవరించుకోండి. గ్రాము 100 రూపాయలు. అప్పుడు పాత రూపాయిలో లోహం విలువ 1,069 రూపాయలు. ఒక మామూలు అరిగిన రూపాయికి సేకర్తలు 600 ఇచ్చే రోజుల్లో అందులోని వెండి విలువ 400 అనుకుందాం. అప్పుడు దాన్ని నాణెంగా అమ్మితేనే లాభం. వెండి విలువ వెయ్యి దాటగానే ఆ తేడా చెరిగిపోతుంది. దుకాణదారు దృష్టిలో అది ఇక నాణెం కాదు, పదకొండు గ్రాముల లోహం. నేరుగా మూసలోకి పోతుంది.

అరుదైన నాణెం సంగతి వేరు. దాని మూడో విలువ లోహం విలువకు ఎన్నో రెట్లు ఉంటుంది కనుక వెండి ధర పెరిగినా తరిగినా దానికి పెద్ద తేడా రాదు. కానీ అది అరుదైనదని అమ్మేవారికీ కొనేవారికీ తెలిస్తేనే. తెలియకపోతే అదీ మూసలోకే పోతుంది.

ఇలా ముందూ జరిగింది

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి ధర బాగా పెరిగింది. రూపాయిలోని వెండి విలువ, రూపాయి చెల్లుబడి విలువను అందుకుంది. ప్రజలు నాణేలను దాచుకున్నారు, కరిగించారు. టంకశాలలకు వెండి చాలలేదు. అప్పుడే, 1917లో, మనదేశంలో మొదటిసారి ఒక రూపాయి కాగితం నోటు వచ్చింది. 1919లో అర్ధరూపాయి, పావలా నాణేలను వెండికి బదులు రాగి, నికెల్ మిశ్రమంతో ముద్రించారు.

ఆ వెండి కొరత ఎంత దూరం పోయిందో చూడండి. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో ఎక్కువ భాగం బ్రిటన్ ద్వారా మనదేశానికి వచ్చి రూపాయలుగా మారింది. అయితే ఏయే సంవత్సరాల డాలర్లు ఎన్నెన్ని కరిగిపోయాయో విడివిడిగా లెక్క రాయలేదు. అందుకే ముద్రణ లెక్కలు చేతిలో ఉన్నా, ఏ డాలరు ఎన్ని మిగిలిందో అమెరికా సేకర్తలు నేటికీ కచ్చితంగా చెప్పలేరు.

ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే. ముద్రించినదానికి లెక్క ఉంటుంది, కరిగించినదానికి లెక్క ఉండదు.

రెండో ప్రపంచయుద్ధంలో మళ్లీ అదే కథ. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. పాత పూర్తి వెండి రూపాయలను చలామణి నుంచి ఉపసంహరించారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. చెడ్డ డబ్బు చలామణిలో ఉంటే మంచి డబ్బు దాపుడులోకి పోతుందన్న గ్రెషామ్ సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ధర పెరగడం ఎంత నిజమో పడిపోవడం కూడా అంతే నిజం. 1980 జనవరిలో అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు వెండి 50 డాలర్ల దాకా వెళ్లింది. మార్చి నెలాఖరుకు 11 డాలర్ల దగ్గరికి దిగింది. ధర దిగివచ్చింది గాని కరిగిన నాణేలు తిరిగి రాలేదు.

సేకర్తల అలవాట్లు ఎలా మారతాయి?

వెండి చవకగా ఉన్నప్పుడు సేకర్త ఒకే రకం రూపాయలు పది కొనగలడు. వాటిని పక్కపక్కన పెట్టి అచ్చులోని తేడాలు వెతకగలడు. ధర పెరిగితే పదికి బదులు ఒక్కటి, అదీ బాగున్నది ఎంచుకుని కొంటాడు.

కొత్తగా మొదలుపెట్టే విద్యార్థులు వెండి జోలికే పోరు. రాగి కాణీలు, నయాపైసలు, అల్యూమినియం పైసలు, 1964లో నెహ్రూ బొమ్మతో మొదలైన స్మారక నాణేలు, వీటివైపు తిరుగుతారు. ఇది చెడ్డ సంగతి కాదు. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ నెలాఖరుతో చెల్లుబాటు కోల్పోయాయి. వాటిని ఇప్పుడు జాగ్రత్త చేసేవారు కావాలి.

మరికొందరు పండుగలకు నగల దుకాణాల్లో అమ్మే లక్ష్మీదేవి బిళ్లలు కొని, నాణేలు సేకరిస్తున్నామనుకుంటారు. అవి వెండి బిళ్లలే గాని నాణేలు కావు. నాణేన్ని ప్రభుత్వం జారీ చేయాలి, దానికి చెల్లుబడి విలువ ఉండాలి.

చివరిది, ధరతోపాటు నకిలీలూ పెరుగుతాయి. వేరే లోహానికి వెండిపూత పూసి పాత రూపాయి అని అమ్ముతారు. దాన్ని పట్టుకోవడానికి మనకు ఆర్కిమెడిస్ సాయం చేస్తాడు.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

గ్రాములో నూరోవంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీసుకోండి. ముందు నాణేన్ని తూచి బరువు రాసుకోండి. తరువాత కాటామీద సగం నీళ్లున్న చిన్న గ్లాసు పెట్టి, అంకె సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా పట్టుకోండి. గాలిబుడగలు అంటుకుని ఉండకూడదు. ఇప్పుడు కాటా చూపే గ్రాములే ఆ నాణెం ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ఎందుకంటే నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు కాటామీద పడుతుంది, ఒక ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగుతుంది.

బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 1940కి ముందరి పూర్తి వెండి రూపాయికి అది 10.3 దగ్గర ఉండాలి. 1940 తరువాతి సగం వెండి రూపాయికి 9.5 దగ్గర ఉంటుంది. 8.9 వస్తే అది రాగో నికెలో అయి ఉండవచ్చు, వెండి మాత్రం కాదు. నాణెం అరిగితే బరువు తగ్గుతుంది గాని సాంద్రత మారదు. అదే ఈ పరీక్షలోని అందం. గీటురాయి మీద రుద్దనక్కరలేదు, నాణేనికి గీత కూడా పడదు.

మా ఇంటి సంగతి

ఇంత చెబుతున్న నేను చేసిన పొరపాటు కూడా మీకు చెప్పాలి. 2011 ఏప్రిల్‌లో కిలో వెండి 70 వేలు దాటింది. అప్పుడు మా తమ్ముడి కూతురికి కాలేజీ ఫీజు కట్టాలి. మా అమ్మ తన పెట్టెలోంచి 38 రూపాయలు తీసి ఇచ్చింది. మా తాతయ్య దాచినవి. నేను భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కదా, ఒక్కోదానికీ సాంద్రత కట్టి, అన్నీ మంచివేనని తేల్చి, ఒక దుకాణంలో తూకానికి ఇచ్చేశాను. తరుగు పోను వచ్చిన డబ్బు ఫీజుకు సరిపోయింది.

తరువాత నాణేలు సేకరించే ఒక మిత్రుడు అడిగారు, "వాటిలో 1911వి ఏమైనా ఉన్నాయా?" అని. ఐదో జార్జి మొదటి రూపాయి మీద రాజు మెడలోని హారంలో ఏనుగు బొమ్మ పంది బొమ్మలా కనిపించి అలజడి రేగింది. 1912లో దాన్ని మార్చారు. 1911వి చాలామటుకు కరిగించేశారు. అందుకే మిగిలినవాటికి అంత గిరాకీ. నా దగ్గర జవాబు లేదు. 38 నాణేల బరువు రెండు దశాంశాల దాకా రాసుకున్నాను. వాటిమీది సంవత్సరం ఒక్కటీ రాసుకోలేదు.

అమ్మతో ఆ మాట చెబితే ఆమె కోప్పడలేదు. "తూచావు సరే, వాటిమీద ఏం రాసుందో ఒక్కసారైనా చూశావటే?" అంది. అంతే.

అమ్మడం తప్పు కాదు. అవసరానికి పనికివస్తాయనే పెద్దలు దాచారు. చూడకుండా అమ్మడమే తప్పు.

అమ్మే ముందు

మీరు అమ్మదలిస్తే ముందు ఒక కాగితం తీసుకోండి. ప్రతి నాణేనికీ నాలుగు విషయాలు రాయండి: బొమ్మ ఎవరిది, సంవత్సరం ఏది, టంకశాల గుర్తు ఏమైనా ఉందా, బరువు ఎంత. వీలైతే రెండు వైపులా ఫోటో తీయండి. 1911, 1939 సంవత్సరాల రూపాయలు కనిపిస్తే పక్కన పెట్టి, తెలిసినవారికి చూపించండి.

చింతపండుతో, బూడిదతో తోమకండి. వెండి మీది నలుపు గాలిలోని గంధకం వల్ల ఏర్పడిన సిల్వర్ సల్ఫైడ్ పొర. తోమితే నలుపుతోపాటు అచ్చులోని సన్నని గీతలూ పోతాయి, సేకర్తల దృష్టిలో విలువా పోతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన నిధిని 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. వాటిని విదేశాల్లోని పిల్లలకు కానుకగా పంపకూడదు.

మా అమ్మ ఆ రోజు ఒక రూపాయి ఇవ్వకుండా దాచుకుంది. దండలో గుచ్చడానికి పైన చిన్న కొండి అతికించి ఉన్న రూపాయి అది. కొండి ఉంది కనుక సేకర్తలు దానికి ఎక్కువ ఇవ్వరు. దానిమీద విక్టోరియా రాణి బొమ్మ, వెనుక 1862 అని ఉంది. ఆ సంవత్సరం వేసిన అచ్చులనే 1874 దాకా వాడారు. ఏ ఏడాది ముద్రించారో తెలియడానికి చిన్న చిన్న చుక్కలు పెట్టేవారు. ఇప్పుడు భూతద్దం పెట్టి ఆ చుక్కలు లెక్కపెడుతూ ఉంటాను. కొన్ని అరిగిపోయాయి.

మీ మూటలోని రూపాయల మీద ఏం రాసి ఉందో ఈ రోజే చూడండి. ధర రేపు కూడా ఉంటుంది. సెలవు.